మందు పంపు కొనబోయే ముందు చేను కొలవండి



వారం రోజులుగా ఫోన్ల మీద ఫోన్లు. "అన్నా, ఏ పంపు కొనమంటావు? బ్యాటరీదా, పెట్రోలుదా?" అని. మిరప నాట్లు అయిపోవచ్చినాయి, పత్తి గూడ మీద ఉంది, కాబట్టి ఏటా మాదిరే అడుగుళ్లు మొదలైనాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఇక్కడే రాస్తే సరిపోద్దని కూర్చున్నా. కొంచెం పెద్దగా ఉంటది, తీరిక చేసుకుని చదవండి. కంపెనీల పేర్లు, షాపుల పేర్లు చెప్పను. అవి చెప్పటం మొదలుపెడితే అసలు విషయం పక్కకి పోద్ది.

మన గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో మందు కొట్టటం అంటే ఏందో వేరే వాళ్లకి చెప్పాలి గానీ మీకు చెప్పక్కర్లేదు. 1987లో పత్తి మీద తెల్లదోమ పడ్డప్పుడు మన నాన్నలు ఎన్ని మందులు కొట్టారో, ఎన్ని కుటుంబాలు కూలిపోయినాయో పెద్దవాళ్లకి ఇంకా గుర్తే. మొన్న 2021లో మిరప పూతలో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మనమే చూశాం. మూడు రోజులకోసారి కొట్టినవాళ్లు ఉన్నారు. ఆ డిసెంబర్లో పంపు దొరికితే చాలని ఏది పడితే అది కొన్నారు. అప్పుడు కొన్న పంపులు ఇప్పుడు ఎన్ని పని చేస్తున్నాయో మీ ఊళ్లో ఒకసారి లెక్కేయండి. మా బజార్లో ఏడు కొన్నారు, రెండు మిగిలినాయి.

పంపు కొనేటప్పుడు అందరూ అడిగేది రేటు, తర్వాత ట్యాంకు ఎన్ని లీటర్లు, తర్వాత వారంటీ. నేనైతే ముందు మీరు ఎన్ని ఎకరాలు, ఎన్ని రోజుల్లో కొట్టి అవతల పడాలి అని అడుగుతా. దాన్నిబట్టే మిగతాదంతా.

లెక్క చూద్దాం. 16 లీటర్ల పంపుతో, ఎదిగిన మిరపకి ఎకరానికి 200 లీటర్ల నీళ్లు అనుకుంటే పన్నెండున్నర ట్యాంకులు పడతాయి. ఒక ట్యాంకు కొట్టటానికి పావుగంట, మళ్లీ నీళ్లు పోసి మందు కలుపుకుని భుజానికి ఎత్తుకోటానికి అయిదు నిమిషాలు. అంటే ఎకరానికి నాలుగు గంటల పైన. మందు కొట్టే వేళ ఎంత? పొద్దున ఆరున్నర నుంచి పదింటిదాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరుదాకా. నడుమ ఎండలో కొడితే మందు ఆవిరైపోద్ది, మనిషికీ మంచిది కాదు. కాబట్టి ఒక మనిషి ఒక పంపుతో రోజుకి ఎకరం పావు, మహా అయితే ఎకరంన్నర. రెండెకరాల వాడికి ఇది చాలు. నాలుగెకరాల వాడికి మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజుల్లో ఒక రోజు గాలి లేచినా, వాన తగిలినా చేనులో సగం కొట్టింది, సగం కొట్టనిది. పురుగు ఆ సగంలో నుంచి ఈ సగంలోకి రాదా మరి?

అందుకని రెండు, రెండున్నర ఎకరాల లోపు సొంతంగా చేసుకునేవాళ్లకి బ్యాటరీ పంపే మేలు. మూడు నుంచి ఆరేడు ఎకరాలైతే పెట్రోలు పంపుగానీ, డ్రమ్ము పెట్టి గొట్టం లాగే హెచ్‌టీపీ గానీ. పదెకరాలు దాటినవాళ్లు ట్రాక్టరు వెనక బిగించేదాని గురించి ఆలోచించాలి, అదీ సాళ్లలో ట్రాక్టరు దిగే వీలుంటేనే. ఇది మోటు లెక్క. మీ నీళ్ల వసతి, కూలీల పరిస్థితి, కౌలా సొంతమా అన్నదాన్నిబట్టి అటూ ఇటూ అవుతుంది. కౌలు రైతు వచ్చే ఏడు ఆ పొలం ఉంటుందో లేదో తెలియకుండా పాతిక వేలు పెట్టి హెచ్‌టీపీ కొనటం నాకైతే నచ్చదు. ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోండి, లేదా అద్దెకి పిలవండి.

బరువు సంగతి షాపు వాడు చెప్పడు. 16 లీటర్ల బ్యాటరీ పంపు నీళ్లతో కలిపి 22 కిలోల దాకా వస్తుంది. 25 లీటర్ల పెట్రోలు పంపు ఇంజన్‌తో కలిపి 35 కిలోలు దగ్గర పడుతుంది, పైగా వీపు మీద ఇంజన్ అదురు, వేడి, చెవిలో మోత. వాన పడ్డ రెండో రోజు నల్లరేగడిలో చెప్పుకి రెండు కిలోల మట్టి అంటుకుంటుంది గదా, ఆ మట్టిలో ఈ 35 కిలోలు వీపున వేసుకుని నడిచేది ఎవరు? మీరా, మీ అబ్బాయా, కూలి మనిషా? షాపులో ఖాళీ పంపు ఎత్తి చూసి "తేలిగ్గానే ఉంది" అనుకోబాకండి. నీళ్లు పోయించి, వీపున వేసుకుని, ఆ బజారు చివరిదాకా నడిచి రండి. నవ్వేవాళ్లు నవ్వుతారు. ఆ నడకలోనే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ముందుకి వంగి చూడండి, మూత దగ్గర నుంచి నీళ్లు వీపు మీద కారుతున్నాయా?

ఈ కారటం చిన్న విషయం కాదు. నాలుగేళ్ల కిందట మా ఊళ్లో పాతికేళ్ల కుర్రాడు ఒకళ్ల పత్తికి మందు కొడుతున్నాడు. అద్దె పంపు. మూత కింద రబ్బరు వాషరు అరిగిపోయింది. పొద్దుటి నుంచీ చొక్కా వీపు తడుస్తానే ఉంది, చెమటే అనుకున్నాడు. పదకొండింటికి గట్టు మీద కూలబడ్డాడు. నోట్లో నుంచి చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాప చూస్తే ఆవగింజంత అయిపోయింది. మందు డబ్బా కూడా వెంట పట్టుకుని పోయాం కాబట్టి డాక్టరుకి ఏ మందో వెంటనే తెలిసింది. బతికాడు. కానీ ఆ తర్వాత మందు వాసన తగిలితే చాలు వాంతి వస్తది, ఈ పని మానేశాడు. ఇంట్లో సంపాదన వాడొక్కడిదే.

2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో ఇదే పత్తికి మందులు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పేపర్లో చదివే ఉంటారు. ఆ ఏడు పత్తి మనిషి ఎత్తు దాటి పెరిగింది, మందు ముఖం మీదకే పడేది. రెండు మూడు మందులు కలిపి కొట్టటం, ముఖానికి ఏమీ కట్టుకోకపోవటం, ఉక్కపోత, అన్నీ కలిసినాయి. మన దగ్గర అట్లా జరగలేదంటే మన పంపులు మంచివని కాదు.

కాబట్టి మొదటి పరీక్ష మూతది, రెండోది పట్టీలది. పట్టీ వెడల్పుగా, దూది కుక్కినట్టు మెత్తగా ఉండాలి. సన్న పట్టీ అయితే పదో ట్యాంకుకి భుజం కోసుకుపోతుంది, అప్పుడు మనిషి తొందరపడి పరిగెత్తటం మొదలుపెడతాడు, సగం మొక్కలు తడవవు. ఐఎస్ఐ గుర్తు ఉందేమో చూడండి. స్పేరు వాషర్లు, నాజిళ్లు, ట్రిగ్గరు దొరుకుతాయా అని అడగండి. గుంటూరో, చిలకలూరిపేటో, ఒంగోలో పోతేగానీ వాషరు దొరకని పంపు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. మనకి పంపు చెడేది పూత మీద పురుగు ఉన్నరోజే.

ఇక్కడ కొంచెం పక్కకి పోతా. మా పెదనాన్న మనవడు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడ చలికాలం ఇంటి ముందు కారు దారి మీద మంచు మోకాళ్ల ఎత్తు పడుతుందట. దాన్ని ఎగజిమ్మే మిషన్ ఒకటి ఉంటుంది, స్నో బ్లోయర్ అంటారు. పోయిన సంక్రాంతికి ఫోన్ చేసి అరగంట దాని గురించే చెప్పాడు. వాళ్ల బాధా మన బాధే! అక్కడ కూడా కరెంటుదా, బ్యాటరీదా, పెట్రోలుదా అనే గొడవ. పక్కింటి పెద్దాయన అడిగాడట, "ముందు నీ దారి ఎంత వెడల్పు, ఎంత పొడుగు, మీ వీధిలో మంచు ఎన్ని అంగుళాలు పడుతుంది, అది చెప్పు" అని. చిన్న దారి, జానెడు మంచు అయితే చిన్న మిషన్ చాలు. పెద్ద దారి, తడిసి బరువెక్కిన మంచు అయితే రెండంచెల పెద్ద మిషన్ కావాలి. చలికి బ్యాటరీ బలం తగ్గుద్దట. పెట్రోలుదైతే ఎండాకాలం అంతా మూల పడేసి ఉంచితే, మంచు పడ్డ రోజు స్టార్ట్ అవదట. విన్నంతసేపూ నాకు నవ్వు ఆగలేదు. మన తైవాన్ పంపు కథ మంచులో చెబుతున్నాడు వాడు.

వాడు చెప్పిన ఇంకో మాట మాత్రం నవ్వులాట కాదు. మిషన్‌లో తడిమంచు ఇరుక్కుంటే చేత్తో తీయబోయి వేళ్లు పోగొట్టుకునే వాళ్లు అక్కడ ఉంటారట. ఇంజన్ ఆపి, కర్రతో తీయాలట. మనం నాజిల్‌లో చెత్త ఇరుక్కుంటే ఏం చేస్తాం? నోట్లో పెట్టుకుని ఊదుతాం. ఊదనివాడు చెయ్యెత్తండి! పాత పళ్లు తోముకునే బ్రష్ ఒకటి పంపుకి తాడుతో కట్టుకోండి, ఖర్చు సున్నా.

సరే, మందు మోతాదు విషయానికొద్దాం. పంపు మార్చినప్పుడు మనం ఎక్కువ నష్టపోయేది ఇక్కడే.

మనకి అలవాటైన లెక్క లీటరు నీటికి రెండు మిల్లీలీటర్లు, ట్యాంకుకి ఒక మూత, ఇట్లా. ఆ లెక్క చేతి పంపు రోజుల్లోది, ఎకరానికి 200 లీటర్లు పోసినప్పటిది. అంటే ఎకరానికి మందు 400 మిల్లీలీటర్లు పడాలి. ఇప్పుడు గాలితో చిమ్మే పెట్రోలు పంపు తెచ్చారనుకోండి. అది సన్న తుంపరగా కొడుతుంది, 80 లీటర్లతోనే ఎకరం అయిపోతుంది. మీరు పాత లెక్కన లీటరుకి రెండే వేస్తే ఎకరానికి పడింది 160 మిల్లీలీటర్లు. పురుగు చావదు. "మందు డూప్లికేట్" అని షాపు వాడిని తిడతాం, నాలుగో రోజు ఇంకో మందు తెస్తాం. నిజానికి అక్కడ లీటరుకి 5 మిల్లీలీటర్లు, 20 లీటర్ల ట్యాంకుకి 100 వేయాలి, నాలుగు ట్యాంకులకి ఎకరం అయిపోవాలి. ఎకరానికి మందు మారదు, నీళ్లే మారతాయి. అట్లాగని చేతి పంపులో ఈ 5 వేసి కొడితే మొక్క మాడిపోద్ది, జాగ్రత్త.

హెచ్‌టీపీ గన్నుతో దీనికి తలకిందులు. ధారగా కొడతాం, ఎకరానికి 300 లీటర్లు పోయినా తెలియదు. లీటరుకి రెండు చొప్పున 600 మిల్లీలీటర్లు పడ్డట్టు. లీటరు మూడు వేల రూపాయల మందైతే అదనంగా పోసిన 200 మిల్లీలీటర్ల ఖరీదు 600 రూపాయలు. ఒక ఎకరానికి, ఒకసారికి. సీజన్‌లో పదిసార్లు కొడితే ఆరువేలు నేలలోకి. ఆకు మీద నుంచి చుక్కలు కారుతున్నాయంటే మందు మట్టికి పెడుతున్నట్టే. పైగా కాయలో మందు అవశేషాలు ఎక్కువుంటే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుందని మిర్చి యార్డులో వ్యాపారులు అనే మాట మీరూ విన్నారు.

మరి మన పంపు ఎకరానికి ఎంత పోస్తుందో తెలిసేదెట్లా? ఒక్క సెంటు కొలవండి. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. ఏడు గజాలు పొడుగు, ఏడు గజాలు వెడల్పు తాడుతో కొలిచి నాలుగు పుల్లలు పాతితే దాదాపు సెంటు వచ్చినట్టే. పంపులో ఉత్త నీళ్లు, మందు కాదు, గుర్తుదాకా పోయండి. మీరు రోజూ నడిచే వేగంతోనే, అన్ని మొక్కలూ తడిసేటట్టు ఆ సెంటు కొట్టండి. తర్వాత మగ్గుతో కొలుచుకుంటూ మళ్లీ గుర్తుదాకా నింపండి. ఎన్ని లీటర్లు పట్టిందో దాన్ని వందతో గుణిస్తే మీ ఎకరం లెక్క. రెండు లీటర్లు పట్టిందా, ఎకరానికి 200. లీటరే పట్టిందా, 100. పది నిమిషాల పని. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి, గుబురయ్యాక ఒకసారి కొలవాలి, రెండూ ఒకటి కాదు. మందు డబ్బా మీద చీటీలో మోతాదు హెక్టారుకి రాసి ఉంటుంది, దాన్ని రెండున్నరతో భాగిస్తే ఎకరానికి. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, పిల్లల చేత ఫోన్లో ఫొటో తీయించి పెద్దది చేయించుకుని చదవండి. చీటీ మీద ముక్కోణం రంగు కూడా చూడండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ.

కూలీతో కొట్టించేవాళ్లకి ఇంకో చిక్కుంది. మన వైపు మందు కొట్టే కూలి ట్యాంకు లెక్కన. ట్యాంకుకి ఇంత అని. మనిషికి ఎన్ని ట్యాంకులు అయితే అంత డబ్బు, కాబట్టి పరుగు. నాజిల్ పెద్ద బొక్కది పెట్టుకుంటే ట్యాంకు తొందరగా ఖాళీ అవుద్ది, అది వాడి తప్పని నేననను. మనం పెట్టిన కూలి పద్ధతి అట్లాంటిది. ఎకరానికి ఇంత అని ఒప్పుకుంటే ఇంకో తంటా, ట్యాంకులు తగ్గించేస్తాడు. నేను చూసినంతలో ఎకరానికి కూలి, ఎకరానికి ఇన్ని ట్యాంకులు కొట్టాలి అని ముందే రెండూ అనుకున్నచోట గొడవ తక్కువ. ఆ "ఇన్ని ట్యాంకులు" ఎన్నో చెప్పాలంటే మళ్లీ సెంటు కొలవాల్సిందే. ట్యాంకు 16 నుంచి 25 లీటర్లకి పెరిగినప్పుడు కూలి కూడా పెంచండి మరి, తొమ్మిది కిలోలు ఎక్కువ మోస్తున్నాడు.

నాజిల్ ఖరీదు పంపు ఖరీదులో పిసరంత, పని మాత్రం సగం దాని మీదే. పురుగు మందుకి, తెగులు మందుకి గొడుగులాగా గుండ్రంగా, నడుమ బోలుగా పడే నాజిల్ వాడాలి, హాలో కోన్ అంటారు. గడ్డి మందుకి విసనకర్రలాగా చదునుగా పడేది వేరే ఉంటుంది. రెంటికీ ఒకటే వాడితే రెండూ చెడతాయి. కొత్త నాజిల్ నిమిషంలో ఎంత పోస్తుందో మగ్గులో పట్టి గోడ మీద రాసి పెట్టుకోండి. కొన్నాళ్లకి అది పది శాతం ఎక్కువ పోస్తుంటే బొక్క అరిగినట్టు, మార్చేయండి. ఇత్తడిది త్వరగా అరుగుతుంది, స్టీలుది, పింగాణీది ఎక్కువ కాలం వస్తుంది.

పురుగు ఎక్కడుంటుందో అక్కడికి మందు పోవాలి గదా. మిరపలో పై ముడత తెచ్చే తామర పురుగు, కింది ముడత తెచ్చే నల్లి, బొబ్బర వైరస్ మోసుకొచ్చే తెల్లదోమ, ఇవన్నీ ఆకు అడుగునే ఉంటాయి. నల్ల తామర పురుగు పూవులో దూరి కూర్చుంటుంది. పై నుంచి గన్నుతో ధార కొడితే పూవు రాలుద్ది గానీ పురుగుకి తగలదు. కొస వంగి ఉండే కడ్డీ, నాజిల్ పైకి తిప్పుకునే వీలు ఉన్న పంపు తీసుకోండి, కింద నుంచి పైకి కొట్టండి. పత్తిలో గులాబీ రంగు పురుగు కాయలోపలికి దూరాక మాత్రం ఎంత ఖరీదైన పంపు తెచ్చినా దాన్ని ముట్టుకోలేదు. దానికి లింగాకర్షక బుట్టలు పెట్టి ముందే కనిపెట్టటం, పంట కాలం సాగదీయకుండా కట్టె పీకేయటం. ఈ సంగతి చెప్పకుండా పంపులు అమ్మేవాళ్లున్నారు.

హెచ్‌టీపీ కొనేవాళ్లు నాటేటప్పుడే ఆలోచించుకోవాలి. డిసెంబరుకి మిరప సాళ్లు కలిసిపోతాయి, గొట్టం లాగితే కొమ్మలు పుటుక్కున విరుగుతాయి, పచ్చికాయ రాలుతుంది. ప్రతి పది పన్నెండు సాళ్లకి ఒక కాలిబాట వదులుకుంటే ఆ బాధ ఉండదు. భూమి పోతుందని ఏడ్చేకన్నా ఆ బాట పక్కనున్న మొక్కలకి వెలుతురు, గాలి ఎట్లా తగులుతాయో చూడండి.

డ్రోన్ గురించి అడిగినవాళ్లు కూడా చాలామందే. పది లీటర్ల ట్యాంకుతో ఎకరం పది నిమిషాల లోపే అయిపోతుంది, మనిషి వీపు మీద మందు పడదు, బురదలో దిగే పని లేదు. వాన తర్వాత చేలోకి అడుగు పెట్టలేని రోజుల్లో దానికి మించింది లేదు. కానీ అంత కొద్ది నీళ్లతో గుబురైన మిరపలో ఆకు అడుగుదాకా, లోపలి పూతదాకా మందు పట్టటం కష్టమని నా అభిప్రాయం. లేత పైరుకి, వరికి, మినుముకి బాగుంటుంది. మనం సొంతంగా కొనేది కాదు, లక్షల్లో ఖరీదు. కేంద్రం వాళ్లు నమో డ్రోన్ దీదీ కింద మహిళా సంఘాలకి 80 శాతం రాయితీ, 8 లక్షల దాకా, ఇచ్చేటట్టు పథకం పెట్టారు. మీ మండలంలో ఏ సంఘానికైనా వచ్చిందేమో రైతు సేవా కేంద్రంలో కనుక్కుని అద్దెకి పిలవండి. పక్క చేలో చేపల చెరువో, తేనె పెట్టెలో ఉంటే గాలి చూసుకుని కొట్టించండి.

గడ్డి మందుకి మాత్రం వేరే పంపు పెట్టుకోండి, పాతదైనా పరవాలేదు. మొక్కజొన్నలోనో జొన్నలోనో 2,4-డి కొట్టిన పంపు కడగకుండా తెచ్చి పత్తిలో కొడితే ఆకులు కోడికాళ్ల మాదిరి సాగి ముడుచుకుపోతాయి. పత్తికి ఆ మందు పిసరు తగిలినా చాలు. ఒకసారి నీళ్లు తిప్పితే పోయేది కాదది. అద్దె పంపు తెచ్చుకునేవాళ్లు అంతకుముందు దేనికి కొట్టారో తప్పకుండా అడగండి, వాడు గుర్తులేదంటే తేబాకండి. గడ్డి మందుకి బురద నీళ్లు కూడా పనికిరావు, గ్లైఫోసేట్ లాంటిది మట్టిని పట్టుకుని బలం పోగొట్టుకుంటుంది. మామూలు మందులకైనా కాలవ నీళ్లు పాత చీర గుడ్డలో వడకట్టి పోయండి, బ్యాటరీ పంపు లోపల మోటారు రబ్బరు చెడేది ఆ ఇసకతోనే.

బ్యాటరీ పంపులో 12 వోల్టుల 8 ఆంపియర్లది, 12 ఆంపియర్లది అని రెండు ఎక్కువగా కనపడతాయి. ఎకరంన్నరకి మించి రోజూ కొట్టేవాళ్లు 12ది తీసుకోండి, కాస్త బరువైనా. డబ్బా మీద ఇరవై ట్యాంకులు వస్తాయని రాస్తారు, అది కొత్తలో మాట. పూర్తిగా దిగిపోయేదాకా వాడబాకండి, నీరసించగానే చార్జింగ్ పెట్టండి. మార్చి, ఏప్రిల్లో కోతలు అయిపోయాక పంపు అటక ఎక్కుతుంది, మళ్లీ ఆగస్టుకి దించితే బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. నెలకోసారి, అమావాస్యకో పున్నానికో గుర్తుపెట్టుకుని, చార్జింగ్ పెడితే రెండు మూడేళ్లు వస్తుంది. పెట్రోలు దానిలో టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అడిగి తెలుసుకోండి. టూ స్ట్రోక్‌కి పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి, ఎంత కలపాలో పుస్తకంలో ఉంటుంది. ఫోర్ స్ట్రోక్‌కి ఆయిల్ విడిగా పోయాలి, పెట్రోల్లో కలపకూడదు. ఒకదాని అలవాటు ఇంకోదాని మీద చూపిస్తే ఇంజన్ పట్టేస్తది. సీజన్ అయిపోగానే పెట్రోలు మొత్తం తీసేసి, ఆగిపోయేదాకా ఇంజన్ నడిపి, అప్పుడు అటక ఎక్కించండి. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తుంది, అది గాల్లో తేమ పీల్చి కార్బొరేటర్‌ని పాడు చేస్తుంది.

పంపు కడిగిన నీళ్లు కాలవలోగానీ, గేదెలు తాగే కుంట దగ్గరగానీ పారబోయకండి. మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు అదే చేలో చల్లేయండి. మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా ఖరీదు కూడా పంపు ఖరీదులో కలిపి లెక్కేసుకుని పొండి షాపుకి. అయిదువేలు చేతిలో ఉంటే నాలుగువేల పంపు చూడండి, మిగతా వెయ్యి వీటికి. గాలికి ఎదురు నడవకండి, అడ్డంగా నడవండి, కొట్టిన సాళ్లు గాలి పోయే వైపు ఉండాలి. ఎవరికైనా కళ్లు తిరిగితే ముందు బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్లు కడిగి 108కి ఫోన్ చేయండి, మందు డబ్బా చేత పట్టుకునే పొండి. మజ్జిగ, చింతపండు పులుసు తాగించటం లాంటివి పెట్టుకోబాకండి.

మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి ఎవరికైనా సెంటు కొలవటంలో అనుమానం ఉంటే వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మా చేను దగ్గరికి రండి. ఎవరి పంపు వాళ్లు తెచ్చుకోండి. తాడు, పుల్లలు, లీటరు మగ్గు నా దగ్గర ఉన్నాయి, నీళ్లు బోరు కింద ఉన్నాయి. టీ మాత్రం ఎనిమిదిన్నర తర్వాతే.